లెక్కకెక్కని గంటలు

(మన ట్రస్టు విద్యార్థి వేతనాల ప్రదాన సభలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



‘మన ఇంటి పనులు, స్వయంపోషక కుటుంబ జీవనం’ అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. 34 ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పి 2013లో పదవీ విరమణ చేసినదాన్ని. ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు నాకు లేదు. నాకు తెలిసింది లెక్క ఒక్కటే. అందుకే ఈ విషయాన్ని కూడా లెక్కగానే చూస్తాను. రాబడి ఎంత, ఖర్చు ఎంత, ఆ ఖర్చు ఎవరు పెట్టారు అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

మాది కోవిల్‌పట్టికీ సాత్తూరుకీ నడుమ ఒక నల్లరేగడి పల్లె. మన పెద్దలు ఈ నేలకు ఎప్పుడు వచ్చారో మా ఇంట్లో ఎవరికీ సంవత్సరం తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఇదే మాకు తెలిసిన ఏర్పాటు. ఐప్పసి, కార్తీక నెలల్లో పడే వానే మాకు ఆధారం. ఆ వాన పడితే పంట, లేకపోతే లేదు. అటువంటి నేలలో ఏడాది పొడుగునా ఏడుగురి కడుపు నింపాలంటే ఇంట్లో చాలా విద్యలు తెలిసి ఉండాలి.

ముందు రాబడి చెబుతాను.

మా చేలో సజ్జ, జొన్న, ఊదలు, పత్తి, కందులు, పెసలు, మినుములు పండేవి. గట్ల వెంట ఆముదపు చెట్లు ఉండేవి. సజ్జ, జొన్న మట్టి గాదెలోకి పోయేవి. చుట్టుపక్కల తమిళులు దాన్ని కులుక్కై అంటారు, మేము గాదె అనేవాళ్ళం. పత్తి తీసుకున్నాక మిగిలిన కట్టె పొయ్యిలోకి. పత్తి గింజలు నానబెట్టి రుబ్బితే బర్రెకు దాణా. బర్రె పాలు పెరుగు, వెన్న, నెయ్యి అయ్యేవి, చల్ల ఇంటికీ పొరుగుకూ సరిపోయేది. పేడ ఎరువు గుంటలోకి, అక్కడినుంచి తిరిగి చేలోకి. ఆముదపు గింజలు వేయించి, దంచి, నీళ్ళు పోసి కాచి, పైకి తేలిన నూనె తీసేవారు. ఆ నూనె దీపానికి, తలకు, కందులకు. ఒక పనిలో మిగిలింది ఇంకో పనికి మొదలయ్యేది. పారేయడానికి మా ఇంట్లో ఏమీ ఉండేది కాదు.

అలాగని అన్నీ ఇంట్లోనే దొరికేవని చెబితే అబద్ధం అవుతుంది. ఉప్పు తూత్తుకుడినుంచి రావలసిందే. ఇనుము, గుడ్డ కొనవలసిందే. నాగలి వడ్రంగి చేతిలో, కొడవలి కమ్మరి చేతిలో, కుండ కుమ్మరి చేతిలో తయారయ్యేవి. వాళ్ళకు కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఆ కొలత వాళ్ళ శ్రమకు తగినట్టు ఉండేదా అంటే ఉండేది కాదు. స్వయంపోషకం అన్న మాట పెద్దదే కాని, దాని వెనుక ఊరంతా ఉండేది.

ఇక ఖర్చు.

మా నాయన లెక్క పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. విత్తనాలకు ఎంత, కూలీలకు ఎంత, నెయ్యి అమ్మితే ఎంత వచ్చింది, అన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. అందులో ఒక్క పేరు కనబడదు. అది మా అక్క పేరు.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. 1964లో ఎనిమిదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు. అవ్వ ముసలిదైపోయింది. బర్రెను చూసేదెవరు, నీళ్ళు మోసేదెవరు అన్నారు. ఎవరూ గట్టిగా తిట్టలేదు, కొట్టలేదు. పుస్తకాల సంచి అటకమీదికి ఎక్కింది, అంతే.

ఆ తరువాత అక్క రోజు ఎలా గడిచేదో చెబుతాను. తెల్లవారుజామున 4 గంటలకు లేచేది. తిరుగలి ముందు కూర్చుని ఆ పూటకు కావలసిన సజ్జలు విసిరేది. పేడ తీసి, పాలు పితికి, చల్ల చిలికేది. ఊరుణి నుంచి ఆరు దఫాలు నీళ్ళు మోసేది. వంట, చేలోకి అన్నం, మధ్యాహ్నం పత్తి ఏరడం, సాయంత్రం మళ్ళీ బర్రె, మళ్ళీ పొయ్యి. నేను లెక్కల టీచర్ను కదా, తరువాత ఎప్పుడో కూర్చుని కూడాను. రోజుకు 14 గంటలు తేలింది. నేను బడినుంచి వచ్చి చేసిన పని ఒక గంట.

1971లో నేను పి.యు.సి.లో చేరినప్పుడు హాస్టలు ఫీజు నెయ్యి డబ్బుతో కట్టారు. ఆ వెన్న చిలికింది అక్క. ఇవాళ మీరు ట్రస్టునుంచి అందుకుంటున్నది విద్యార్థి వేతనం. నాకు ఆ రోజుల్లో ట్రస్టు లేదు, అక్క ఉంది. మా ఇంటి స్వయంపోషకం నిలబడింది ఆ 14 గంటల మీద. అవి మాత్రం లెక్కకెక్కలేదు.

ఇది పాత కథ అనుకోకండి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా ఇళ్ళకు వెళ్ళి ఎవరి సమయం దేనికి పోతున్నదో అడిగింది. ఆరేళ్ళు దాటినవారిలో జీతంలేని ఇంటి పనులు చేసిన స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. ఆ పనులు చేసినవారిలో స్త్రీలకు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులకు 97 నిమిషాలు పట్టింది. 299 నిమిషాలంటే ఇంచుమించు ఐదు గంటలు. బడిలో ఒక పిల్ల పాఠాలు వినే సమయం కూడా దాదాపు అంతే.

2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచడం మొదలుపెట్టినప్పుడు మా స్టాఫ్ రూములో చాలామంది ఎగతాళి చేశారు. అక్క ఎగతాళి చేయలేదు. తిరుగలి తిప్పిన చెయ్యి ఆమెది. 2023 సెప్టెంబరులో కుటుంబ యజమానురాళ్ళకు నెలకు 1000 రూపాయలిచ్చే పథకం వచ్చింది. దాని పేరులోనే ‘ఉరిమై’, అంటే హక్కు, అనే మాట ఉంది. ఆ సొమ్ము చాలుతుందా లేదా అన్నది వేరే చర్చ. ఇంటి పని కూడా పనే అన్న మాట కాగితం మీదికి రావడం నాకు ముఖ్యం అనిపించింది.

అయితే ఇంటి విద్యలన్నీ వదిలేసి, అన్నీ కొనుక్కుని బతుకుదామా? అదీ నా అభిప్రాయం కాదు. అలా బతికి చూసినదాన్నే. పదవీ విరమణ తరువాత మదురైలో ఉంటూ కరివేపాకు కూడా కొనేదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేసరికి పల్లెలో అక్క ఇంట్లో ఉన్నాను. నాలుగు రోజులకని వెళ్ళి నాలుగు నెలలు ఉండిపోయాను. ఊరి అంగడి మూతబడినా అక్క వంటింట్లో లోటు రాలేదు. 65 ఏళ్ళ వయసులో ఆమె దగ్గర శిష్యరికం చేశాను. అప్పుడు నేర్చుకున్నవాటిలో ఈ కాలానికి పనికొచ్చేవి, గంటలు ఎక్కువ తినేయనివి కొన్ని మీకు చెబుతాను.

మొదటిది, పప్పుధాన్యాలు నిలవ చేయడం. నలుగురున్న ఇంట్లో రోజుకు 100 గ్రాముల పప్పు వండితే ఏడాదికి 36.5 కిలోలు. తై, మాసి నెలల్లో పంట ఇంటికొచ్చే సమయంలో రైతు దగ్గరే కొనుక్కుంటే ఆయనకూ మేలు, మనకూ మేలు. తెచ్చిన కందులను రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టాలి. పంటికింద వేస్తే నలగకుండా టక్కుమని పగలాలి. ఎండలోంచి తీసిన వెంటనే డబ్బాలో పోయకూడదు, నీడలో చల్లారనివ్వాలి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మపట్టి బూజు వస్తుంది. తరువాత కిలోకు ఒక చిన్న చెంచా చొప్పున ఆముదం వేసి, గింజ గింజకూ పట్టేలా చేత్తో కలపాలి. పుచ్చు పురుగు గింజ పైపొర మీద గుడ్లు పెడుతుంది. నూనె పూత ఉంటే ఆ గుడ్లు పొదగవు. అక్కకు ఈ కారణం తెలియదు, పద్ధతి తెలుసు. నాకు కారణం తెలుసు, పద్ధతి తెలియదు. ఆ నాలుగు నెలల్లో ఇద్దరం కలిపి చూసుకున్నాం. వండేముందు మాత్రం గోరువెచ్చని నీళ్ళతో బాగా కడగాలి.

ఇంకో దారి, కందులకు ఎర్రమట్టి నీళ్ళు పట్టించి, రాత్రంతా కుప్పగా ఉంచి, ఎండబెట్టి విసిరి పప్పు చేసుకోవడం. పొట్టు సులువుగా ఊడుతుంది. విడగొట్టిన పప్పును ఆ పురుగు అంతగా ముట్టదు. విసరడానికి ఇప్పుడు మిల్లు ఉంది, తిరుగలే కావాలని పట్టుపట్టనక్కరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గోదాముల్లో పురుగు చావడానికి వాడే బిళ్ళలు ఎవరైనా ఇస్తే ఇంటి ధాన్యంలో పెట్టకండి. వాటినుంచి వచ్చే గాలి నిద్రలోనే మనుషుల ప్రాణం తీస్తుంది.

రెండవది, ఊరగాయలు, ఒరుగులు. వీటి సూత్రం ఒక్కటే, నీరు లేనిచోట బూజు బతకదు. ఉప్పు ముక్కలోని నీటిని లాగుతుంది, ఎండ దాన్ని ఆరబెడుతుంది, పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. చల్ల మిరపకాయలు, గోరుచిక్కుడు ఒరుగులు, సుండకాయలు అన్నీ ఈ దారివే. పంగుని, చిత్తిరై ఎండలు మనకు ఉచితంగా దొరికేవి. పగలు ఎండలో, రాత్రి చల్లలో నాలుగైదు రోజులు వేస్తే మిరపకాయలు ఏడాది నిలుస్తాయి. జాడీలో తడి గరిటె పెట్టినవాళ్ళు ఆ జాడీని పాడుచేసినట్టే. ఇది మా అవ్వ చట్టం, దీనికి సడలింపు లేదు.

మూడవది, వాన నీరు. 2003లో తమిళనాడులో ప్రతి కట్టడానికీ వాన నీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి చేశారు. చాలా ఇళ్ళలో పైపు ఉంది, అది ఆకులతో మూసుకుపోయి ఉంది. పిల్లలూ, ఈ లెక్క రాసుకోండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ డాబా 50 చదరపు మీటర్లు, ఒక రోజు 20 మిల్లీమీటర్ల వాన. ఎంత? 1000 లీటర్లు. కారినదీ ఆవిరైనదీ పోగా 800 చేతికొస్తాయనుకుందాం. అక్క మోసిన బిందె 15 లీటర్లు. 53 బిందెలు. ఐప్పసికి ముందు ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని డాబా ఊడ్చి, పైపు శుభ్రం చేస్తే చాలు. మొదటి వాన నీటిని మాత్రం బయటికి వదిలేయండి, దుమ్మూ రెట్టలూ అందులోనే వస్తాయి.

నాలుగవది, పెరడు. స్థలం లేదంటారు. ఒక మునగ చెట్టుకు, ఒక కరివేపాకు మొక్కకు, నాలుగు తొట్ల ఆకుకూరకు ఎంత స్థలం కావాలి? పెరియకుళం ఉద్యాన కళాశాలనుంచి వచ్చిన పి.కె.ఎం.1 మునగ విత్తనంతో మొలుస్తుంది, ఆరేడు నెలల్లో కాపుకొస్తుంది. మొక్క నడుమెత్తు ఎదిగాక తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది, కాయలు చేతికందుతాయి. స్నానాల గది నీళ్ళు పోయేచోట రెండు అరటి పిలకలు నాటితే మురుగు నిలవదు.

ఐదవది, మరమ్మతు. చొక్కాకు గుండీ కుట్టడం, కుళాయి వాషరు మార్చడం, సైకిలు ట్యూబుకు పంక్చరు వేయడం, ఒక పూట అన్నం పప్పు వండడం. గుండీ, అన్నం అబ్బాయిలకు, వాషరు, పంక్చరు అమ్మాయిలకు నేర్పండి. నేను పొరపాటున చెప్పలేదు. ఇంట్లో ఎవరికి ఏది రాదో వాళ్ళకు అది నేర్పాలి. హాస్టలుకు వెళ్ళే ప్రతి బిడ్డా ఈ నాలుగూ నేర్చుకున్నాకే గడప దాటాలని నా కోరిక.

చదువుకున్నవాళ్ళకు ఇవన్నీ ఎందుకు అనేవారికి ఇద్దరు పెద్దల సంగతి చెబుతాను.

జె.సి.కుమారప్పగారు 1892లో తంజావూరులో పుట్టారు. లండన్‌లో చార్టర్డ్ అకౌంటెంట్ అయ్యారు, అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివారు. 1929లో గాంధీజీని కలిసిన తరువాత గానుగ, తిరుగలి, తేనెపెట్టె, కాగితం తయారీ వంటి పల్లె పరిశ్రమలకే తన చదువును ధారపోశారు. 1934లో పుట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని నడిపారు. చివరి రోజులు మనకు దగ్గర్లోనే ఉన్న టి.కల్లుపట్టి గాంధీనికేతన్‌లో గడిపి 1960లో కన్నుమూశారు. అంత పెద్ద చదువు చదివినాయన తిరుగలిని చిన్నచూపు చూడలేదు.

రెండవవారు మన నేల బిడ్డ, ఇడైసేవల్ గ్రామానికి చెందిన కి.రాజనారాయణన్ గారు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. బడి చదువు కొద్దిగానే సాగింది. కాని ఈ నల్లరేగడి నేల పనులు, పనిముట్లు, సామెతలు, మాటలు ఆయన మనసులో పోగుపడ్డాయి. ఈ ప్రాంతపు పలుకుబడికి నిఘంటువు తయారుచేశారు. తెలుగు కుటుంబాలు ఈ నేలకు వచ్చి స్థిరపడిన కథను తమిళంలో నవలగా రాశారు. దాని తరువాతి నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచి ఆచార్యుణ్ణి చేసింది. 2021లో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికింది. పల్లెలో తెలిసిన సంగతులు కూడా విద్యేనని ఇంతకంటే ఎవరు చెప్పగలరు?

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. చేట, జల్లెడ, రోకలి, తిరుగలి, కవ్వం, గాదె, ఉట్టి. ఈ మాటలు మనకు తెలుగులోనే తెలుసు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పనిముట్టు పోతే దాని పేరు పోతుంది. బడిలో నేర్పని తెలుగు ఇంతకాలం మనకు వంటింట్లోనూ కళ్ళంలోనూ నిలిచింది.

ఇక నా విన్నపాలు రెండు.

ఒకటి, విద్యార్థి వేతనం అందుకున్న పిల్లలకు. ఈ సెలవుల్లో మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక్క పని నేర్చుకోండి. ఒక నోటుబుక్కులో రాయండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే రాయండి, తప్పు లేదు. కొలతలు, రోజులు, పనిముట్ల పేర్లు రాయండి. చివర రెండు గడులు గీయండి. ఒకదానిలో ఈ పనివల్ల ఎన్ని రూపాయలు మిగిలాయో, రెండవదానిలో ఎన్ని గంటలు పట్టిందో, అవి ఎవరి గంటలో పేరుతో సహా రాయండి. మా నాయన పుస్తకంలో లేనిది ఆ రెండవ గడే.

రెండవది, ట్రస్టు పెద్దలకు. మీ దరఖాస్తు ఫారంలో కుటుంబ ఆదాయం అడుగుతున్నారు, మార్కులు అడుగుతున్నారు. ఇంకొక్క ప్రశ్న చేర్చండి. ‘ఈ ఇంట్లో చదువు మధ్యలో మానేసిన ఆడపిల్ల ఉందా? ఎందుకు మానేసింది?’ ఉందని జవాబు వస్తే ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి రండి. తమ్ముడికి వేతనం ఇచ్చి అక్క సంగతి అడగకపోతే, మనం కూడా మా నాయన రాసినట్టే లెక్క రాస్తున్నాం.

మా అక్కను ఈ సభకు తీసుకొచ్చాను. మూడవ వరుసలో కూర్చుని ఉంది. పేరు చెప్పొద్దంది, అందుకే చెప్పలేదు. పొద్దున బయలుదేరేముందు ఏం మాట్లాడబోతున్నావని అడిగింది. నువ్వు నేర్పిన పనులు చెబుతానన్నాను. ‘అవి చెప్పడానికి అంతదూరం పోవాలా?’ అని నవ్వింది. బస్సులో సగం దూరం వచ్చాక, తనంతట తానే, ఎనిమిదో తరగతిలో తనకు లెక్కల్లో 82 మార్కులు వచ్చాయని చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

పిల్లలూ, ఇంటికి వెళ్ళి మీరు అడగండి.